పదకొండో పేజీలో తేలు

తమ్మిశెట్టి పానకాలు మనిషిని పొద్దున్నుంచి పస్తుంచి, ఆ పస్తుని కూడా తాను పెట్టిన భోజనంలాగా చెప్పుకోగల సమర్థుడు. దానికి 'శుద్ధి' అని పేరు పెట్టాడు. ఉప్పూ కారం తినకూడదు, టీ తాగకూడదు, ఇంటి దగ్గర పెళ్లాంతో ఫోనులో మాట్లాడకూడదు. తోడు పుల్లబడకూడదన్నది అతని వాదన. గోలి ఓంకారం ఇప్పటికి అతను కుదిర్చిన రెండు వందల తొంభై తొమ్మిది కొలువులకి, అంటే ప్రదర్శనలకి, ఆ శుద్ధి పాటించాడు. అన్నిసార్లూ పానకాలు అతని ఎదురుగా కూర్చుని పెసరట్టు తిన్నాడు.

మూడు వందో కొలువు రోజున కూడా తింటున్నాడు. వేదిక కింద సిమెంటు గది అది. పైన జనం తొక్కిడికి కప్పునుంచి సున్నం రాలి అల్లం పచ్చడిలో పడింది. పానకాలు దాన్ని వేలితో తీసేసి, మళ్లీ ముంచుకున్నాడు.

"ఇవాళ్టితో నీ పీడ నాకూ, నా పీడ నీకూ వదిలిపోద్దిరా ఓంకారం," అన్నాడు. "మూడు వందలూ నిండి, సాయంత్రం కాగితాల మీద వేలిముద్ర కొట్టావంటే వేటపాలెం రోడ్డులో స్థలం నీది. ఇంకెప్పుడూ నా మొహం చూడక్కర్లేదు."

"ఆ సుఖం కోసమే గదా తొమ్మిదేళ్లు ఓర్చుకున్నా," అన్నాడు ఓంకారం.

అతని ఎడమ చేతికి తోడుకట్టు చుడుతున్న సుగుణ నవ్వు ఆపుకుంది. పాతికేళ్ల పిల్ల. కొలతలు చూడటం ఆమె ఉద్యోగం. కట్టు మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా మూడు చుట్లు తిరిగి, చివర ఒక నల్ల ముడితో ఆగుతుంది. ముడి వేసి, ఒంటి మీద వెంట్రుకలు ఎంత లేచాయో చూపించే పలక చూసుకుంది.

"రోమాంకం నూట పది. ఏంటి బాబాయ్, ఇంత చల్లగా ఉన్నావు?"

"అది కూడా పెసరట్టు వాసనకి లేచిందేనమ్మా. లేకపోతే తొంభయ్యే."

"నాలుగొందలు రావాలి మరి. పైన ఆరు వేల నాలుగొందల మంది పాలు."

జనాన్ని పాలు అనడం ఈ వృత్తిలో అలవాటు. మొదట్లో ఓంకారానికి ఆ మాట ఎబ్బెట్టుగా ఉండేది. తర్వాత తర్వాత, పాలకి అవమానంగా తోచింది. పుట్టిన దగ్గర్నుంచీ బొమ్మలు చూపించే కళ్లద్దాల్లో పర్వతాలు కూలడం, సముద్రాలు లేవడం చూసి చూసి వీళ్ల చర్మం మొద్దుబారిపోయింది. ఏం చూసినా ఒంటి మీద ఒక్క వెంట్రుక లేవదు. అందుకని లేచే వెంట్రుకలున్నవాణ్ణి ఒకణ్ణి వెతికి తెచ్చి మధ్యలో కూర్చోబెడతారు. వాడి ఒంట్లో పుట్టిన పులకింత కట్టులోంచి వెళ్లి, జనం చేతుల పట్టీల్లోంచి వాళ్ల ఒంట్లోకి దిగుతుంది. చెంచాడు తోడుకి కుండెడు పాలు గడ్డకట్టినట్టు హాలంతా ఒక్కసారి గడ్డకడుతుంది. మర్నాడు అందరూ ఆ నటుడి దర్శనానికి ఒళ్లు జలదరించిందని చెప్పుకుంటారు. ఎవరి ఒళ్లు జలదరించిందో అడిగినవాడు లేడు.

ఓంకారం ఖరీదల్లా ఒకటే. అతను 'ఇనుపరెక్క' బొమ్మల పుస్తకాలు నలభై రెండూ కాగితం మీద చదివాడు. చీరాలలో అద్దె పుస్తకాల కొట్లో, రోజుకి అర్ధరూపాయి చొప్పున. ఏడో తరగతిలో బడి మానిపించి మగ్గం గుంటలో దింపాక అతనికి మిగిలిన చదువు అదొక్కటే. అలా చదివినవాళ్లలో ఇప్పుడు తోడుకి పనికొచ్చేవాళ్లు ముగ్గురో నలుగురో ఉన్నారు. ఒంగోలు నుంచి ఒకాయన వచ్చేవాడు. రెండు వందల పదో కొలువుకి ఎండిపోయాడు. మనవడు పుట్టాడని ఫోనొస్తే, "ఆహా, సరే" అని పెట్టేశాడట. ఆయన సంగతి పానకాలు ఎత్తడు.

పానకాలు చేతులు కడుక్కుని వచ్చి, జేబులోంచి కాగితం తీశాడు. చట్టం ప్రకారం కొలువుకి ముందు ప్రతిసారీ చదవాలి.

"ముడి తోడు మనిషిదే. వేరెవరూ విప్పరాదు. లోపల వేరే భావం పుడితే, మూడు లెక్కపెట్టేలోపు తనే ముడి విప్పాలి. విప్పితే ఆ కొలువు మటుకే పోద్ది. విప్పకుండా పుల్లటి తోడు వదిలితే, చేసిన కొలువులన్నీ రద్దు, స్థలమూ రద్దు. విన్నావా?"

"రెండు వందల తొంభై తొమ్మిదిసార్లు విన్నా."

"మూడు వందోసారి కూడా విను. నీ మేలుకే."

ఆ స్థలంలో అతని పెళ్లాం నాగరత్నం పోయిన నెలలో మునగ కొమ్మ పాతి వచ్చింది. కాగితం చేతికి రాకముందే ఎందుకే అంటే, చెట్టుకి కాగితాలు చదవడం రాదుగా అంది. మొన్న చూసొచ్చి, చిగురేసిందని చెప్పింది. వంటిల్లు ఎటు వస్తుందో, చెట్టు నీడ ఎటు పడుతుందో కాలితో గీతలు గీసి మరీ వచ్చింది. ముప్పయ్యేళ్లుగా అద్దె ఇళ్ల నీళ్ల కుళాయి దగ్గర మాటలు పడ్డ మనిషి.

తోడు మనిషి అభిమానిలాగే లోపలికి పోవాలి. అది కూడా షరతే. ఓంకారం అట్టతో చేసిన రెక్కలు వీపుకి కట్టుకుని, చొక్కా చేయి కిందికి లాక్కుని, గన్నవరం ఎండలో వరసలో నిలబడ్డాడు. కామిక్ జాతర తోరణం ఆకాశంలో మూడు రంగులు మారుతోంది. దాని కింద పొట్టలున్న వీరులు, చెమటకి రంగు కారిపోతున్న రాక్షసులు, తోకలు చంకన పెట్టుకుని శనగలు తింటున్న సింహాలు. కొట్ల దగ్గర ఇనుపరెక్క సినిమా హీరో గగన్ స్టార్ రుద్రాంశ్ వెలుగు నీడలు పదకొండు కూర్చుని, ఒకేసారి పదకొండు చోట్ల ఒకే నవ్వు నవ్వుతూ సంతకాలు పెడుతున్నాయి. అసలు మనిషి యాభై నిమిషాలే వస్తాడు. ఆ యాభై నిమిషాల కోసమే ఈ వరస.

ఓంకారం ముందున్నవాడికి ముప్పయ్యేళ్లుంటాయి. వాడి రెక్కలు నిజం లోహంవి. మడత పడినప్పుడల్లా మెత్తగా శబ్దం చేస్తున్నాయి. వెనక్కి తిరిగి అట్టరెక్కల్ని జాలిగా చూశాడు.

"మీది ఏ శ్రేణి టికెట్ అంకుల్?"

"కింది శ్రేణి బాబూ."

"పర్లేదు, మొదటిసారి అందరూ అక్కణ్ణించే. నాది స్వర్ణ శ్రేణి. చిన్నప్పటి నుంచి ఇనుపరెక్క అంటే పిచ్చి నాకు. మొదటి పుస్తకంలో కొండ మీంచి ఎగురుతాడు చూడండి, అదైతే..."

"ఎగురుతాడా?"

"అదేంటంకుల్, రెండు రెక్కలున్నాయి, ఎగరడా?"

ఇనుపరెక్కకి ఉన్నది ఒక్క రెక్క. కుడి భుజానికి. బండ ఇనుము. నలభై రెండు పుస్తకాల్లో ఒక్కసారి కూడా అతను ఎగరలేదు. దాన్ని నేలమీద ఈడ్చుకుంటూ నడుస్తాడు. ఊళ్లో అందరూ నవ్వుతారు. ఎవరి మీదైనా రాళ్లు పడే వేళకి మాత్రం, ఆ రెక్కని పళ్ల బిగువున జానెడెత్తు లేపి అడ్డం పెడతాడు. జానెడే. ఆ జానెడు బొమ్మని ఆచారి గారనే చిత్రకారుడు పేజీ మొత్తం వేశాడు. ఓంకారానికి ఇప్పటికీ రోమాంకం నాలుగొందలు దాటేది ఆ పేజీ తలుచుకుంటేనే. సినిమా వాళ్లు ఆచారి గారి పిల్లల దగ్గర హక్కులు కొని, రెండో రెక్క తగిలించి, మేఘాల్లోకి ఎగరేశారు. ఈ స్వర్ణ శ్రేణి వాడి దగ్గర ఇంటి అద్దెంత ఖరీదు చేసే రెక్కలున్నాయి, వాటి బరువెంతో తెలియదు.

"ఎగురుతాడు బాబూ, ఎందుకెగరడు," అన్నాడు చివరికి. "డబ్బులు పెడితే బర్రె కూడా ఎగురుద్ది."

వాడు నవ్వాడు, పొగడ్త అనుకుని.

హాల్లో ఓంకారం కుర్చీ సరిగ్గా మధ్యలో. ప్రతి కుర్చీ మీదా ఒక పుస్తకం పెట్టారు, ఇనుపరెక్క మొదటి సంచిక, అచ్చు పాతదాన్ని పోలినట్టు. ముడతలు, మరకలు, చినిగిన అంచు అన్నీ అచ్చేసినవే. ఓంకారం దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు కానీ తెరవలేదు. కుడివైపు గోడమీద అద్దాల గది. అందులో పానకాలు, సుగుణ.

దీపాలు ఆరాయి. ఓంకారం కళ్లు మూసుకుని జానెడు రెక్కని తలుచుకున్నాడు. మెడ వెనక మొదలై, భుజాల మీంచి, చేతుల మీదికి పాకింది. చెవిలో సుగుణ గొంతు సన్నగా వినపడింది. "మూడొందల యాభై... తొంభై... నాలుగొందల పన్నెండు. చాలు బాబాయ్, నిలబెట్టు."

హాలు గడ్డకట్టింది. ఆరు వేల మంది ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు. ఆ సమయానికి పైనుంచి తీగల మీద రుద్రాంశ్ దిగాడు. ఆయన చేతికి కూడా పట్టీ ఉంది. ఆయనకీ ఏదో ఒకటి అనిపించాలి కదా, పాపం.

కేకలు తగ్గాక వ్యాఖ్యాత అమ్మాయి అడిగింది. "రుద్రాంశ్ గారూ, ఇనుపరెక్కతో మీ అనుబంధం ఎక్కడ మొదలైంది?"

రుద్రాంశ్ తల వంచి, కొంచెం ఆగి, మైకు దగ్గరికి జరిగాడు. ఆ ఆగడం నేర్చుకున్నది. దానికి కూడా గురువులుంటారు.

"ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్లో ఒక చిన్న అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. మాకు డబ్బుల్లేవు. ఒక పుస్తకం రెండుసార్లు తెచ్చుకుంటే అద్దె దండగ. అట్టలేమో చినిగిపోయి ఉండేవి, చదివిందో కాదో తెలిసేది కాదు. అందుకని చదివిన ప్రతి పుస్తకంలో పదకొండో పేజీ తీసి, మూల మీద చిన్న తేలు బొమ్మ వేసేవాణ్ణి. ఎర్ర పెన్నుతో. మీ చేతుల్లో ఉన్న పుస్తకం తెరవండి. పదకొండో పేజీ."

ఆరు వేల పుస్తకాలు తెరుచుకున్నాయి. ఓంకారం పుస్తకం కూడా.

మూల మీద తేలు ఉంది. రెండు కొండీలు, వంకర తోక, తోక చివర రెండు గీతలు. తోక చివర రెండు గీతలు ఎందుకంటే, మగ్గం గుంటలో ఓంకారం తండ్రిని కుట్టిన తేలుకి తోక చితికి రెండుగా ఉంది. చదివిన ప్రతి పుస్తకంలో తను వేసుకున్న ఆ గుర్తు సంగతి లోకంలో ఒక్కడికే చెప్పాడు. నెల్లూరు కొలువు ముగించుకుని వస్తుంటే, బస్సు చెడిపోయి కావలి దగ్గర నాలుగు గంటలు నిలబడిపోయారు. ఊసుపోక పానకాలుకి చెప్పాడు. పానకాలు ఆ రోజు టీ డబ్బులు తనే ఇచ్చాడు. తొమ్మిదేళ్లలో అతను టీ డబ్బులిచ్చింది ఆ ఒక్కసారే. అప్పుడే అనుమానపడాల్సింది.

ముందు ఓంకారానికి కోపం రాలేదు. ఏదో తేడాగా ఉందనిపించింది, అదేమిటో వెంటనే అందలేదు. ఎర్ర పెన్ను. అద్దె పుస్తకంలో పెన్ను గీత కనపడితే కొట్టు సుబ్బయ్య అయిదు రూపాయలు జరిమానా వేసి, గుమ్మంలో నిలబెట్టి తిట్టేవాడు. పెన్ను పెట్టినవాడు మళ్లీ ఆ కొట్టు గడప తొక్కేవాడు కాదు. గుర్తులు గోటితో వేసేవాళ్లు. బొటనవేలి గోటితో నొక్కితే, పేజీని వెలుగుకి వంచినప్పుడు వేసినవాడికి మాత్రమే కనపడేది. చీరాలలోనే కాదు, అద్దెకి పుస్తకం తెచ్చుకున్న ఏ పిల్లాడికైనా ఈ మాత్రం తెలుసు. వీళ్లకి తెలియదు. గోటి గుర్తు దూరానికి కనపడదని ఎర్ర సిరా పోసి, ఆరు వేల కాపీలు కొట్టించారు.

ఓంకారం బొటనవేలు ఆ తేలు పక్కన పెట్టి నొక్కాడు. గీత పడలేదు. మళ్లీ నొక్కాడు. అది కాగితం కాదు, ఏదో పొర. గోరు పట్టని పుస్తకం.

అప్పుడు వచ్చింది. కోపం కాదు. కోపం వేడిగా ఉంటుంది. ఇది కడుపులోంచి చల్లగా, పుల్లగా పైకి లేచింది. ఆ నటుడి మీద, వాడు నేర్చుకున్న విరామం మీద, ఎగిరే బర్రెల మీద, స్వర్ణ శ్రేణి మీద, పెసరట్టు మీద. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. కావలి బస్సు దగ్గర ఒక కప్పు టీకి తండ్రిని కుట్టిన తేలుని పలహారంలా పెట్టిన తన మీదికి కూడా వచ్చింది. జానెడు రెక్కని తొమ్మిదేళ్లుగా చెంచాల లెక్కన అమ్ముకున్న తన మీదికే ఎక్కువ వచ్చింది.

"బాబాయ్," అంది చెవిలో సుగుణ. "ఏంటిది? ముడి విప్పు బాబాయ్."

అద్దాల గదిలో పానకాలు లేచి నిలబడ్డాడు. ఒక వేలు చూపించాడు.

విప్పడం కష్టం కాదు. కొస పట్టుకుని లాగితే చాలు. ఈ కొలువు పోతుంది, వచ్చే నెల ఏ విజయనగరంలోనో ఇంకొకటి చేస్తే మూడు వందలు నిండుతాయి. ఓంకారం కుడి చేయి ముడి దగ్గరికి వెళ్లింది.

రెండో వేలు లేచింది.

నాగరత్నం కాలితో గీసిన గీతలు కళ్లముందుకి వచ్చాయి. వంటిల్లు, వసారా, మునగ చిగురు. ఇప్పుడు ముడి విప్పితే ఆరు వేల మంది ఎర్ర తేలుని మురిపెంగా ఇంటికి తీసుకుపోతారు. వచ్చే నెల తను మళ్లీ వచ్చి, దానికే ఒళ్లు పులకరింపజేయాలి. ఆ తేలుకి. తన చర్మంతో.

ఓంకారం చేయి ముడి మీంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

మూడో వేలు లేచింది. తర్వాత ఆ చెయ్యే అద్దం మీద దబదబ కొట్టింది. శబ్దం బయటికి రాలేదు.

హాలు పుల్లబడటం ముందు వరసల్లో మొదలైంది. ఒకావిడ చేతిలోని పుస్తకం వైపు చూసి, అంగట్లో కుళ్లిన చేపని పెట్టినట్టు మెల్లగా కింద పెట్టేసింది. లోహపు రెక్కల వాడు పక్కకి తిరిగి, తన రెక్కల్ని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. ఎవరో ఈల వేయబోయి మానేశారు. తిట్లు లేవు, గోల లేదు. ఆరు వేల మంది, తాము ఎవరి చేతిలో మోసపోయామో కాదు, ఎంత చవగ్గా మోసపోయామో ఒక్కసారి ఒంట్లో తెలిసినవాళ్లలాగా కూర్చున్నారు. వాళ్ల పట్టీలకి ముళ్లు లేవు. ఎవరికి వాళ్లు లాగేసుకోవచ్చు. ఎవరూ లాగేసుకోలేదు.

వేదిక మీద రుద్రాంశ్ నవ్వు సగంలో ఆగింది. పట్టీ ఉన్న చేతిని ఎత్తి చూసుకున్నాడు. వ్యాఖ్యాత ఏదో అడిగింది. ఆయన వినలేదు. ఈసారి ఆగడం నేర్చుకున్నది కాదు.

"నేను ఆ పుస్తకం చదవలేదండీ," అన్నాడు మైకులో. "ఎర్ర పెన్ను అని వాళ్లే రాసిచ్చారు. ఇది... ఈ తేలు ఎవరిది?"

ఓంకారం పుస్తకం మూసి కుర్చీలోంచి లేచాడు. బయట కొట్ల దగ్గర పదకొండు నీడలు మాత్రం అదే నవ్వు నవ్వుతూ, వరసలో ఎవరూ లేకపోయినా సంతకాలు పెడుతున్నాయట. తర్వాత సుగుణ చెప్పింది.

వేదిక కింద గదిలోకి ఓంకారం తనంతట తానే వచ్చాడు. కట్టు ఇంకా చేతికే ఉంది. పైన ఎవరూ లేచిన చప్పుడు లేదు.

"ఇప్పుడైనా విప్పరా," అన్నాడు పానకాలు. మొహం మాడిపోయి ఉంది. "వాళ్లు కదలట్లేదు. పైవాళ్లు నన్ను తినేస్తున్నారు. నా వల్ల ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో తెలుసా నీకు?"

"ఎంతకి అమ్మావు పానకాలూ?"

"ఏంటి?"

"తేలుని."

పానకాలు ఒక క్షణం అడ్డంగా చూశాడు. "అది పెద్ద విషయమా? ఊరికే పడున్న కబురు. నువ్వేమన్నా దాచుకున్నావా? నువ్వే చెప్పావు."

"నేనే చెప్పా," అన్నాడు ఓంకారం. "చెప్పినవాడిదీ తప్పే. ఆ ముక్క కూడా పైనున్న జనానికి పంపించా. వాటా ఎగ్గొట్టలేదు."

అప్పుడు ముడి కొస పట్టుకుని లాగాడు. మూడు చుట్లూ వదులై, కట్టు బల్ల మీద పడింది. చేతిమీద వెంట్రుకలు పడుకునే ఉన్నాయి. పైన ఆరు వేల మంది నెమ్మదిగా లేస్తున్న చప్పుడు మొదలైంది. కప్పునుంచి సున్నం రాలింది.

సుగుణ కట్టు చుట్టి పెడుతూ పలక అతని వైపు తిప్పింది. "రోమాంకం సున్నా బాబాయ్. కానీ అందరికీ అందింది. ఇన్నేళ్లలో ఇలా ఒక్క చుక్క కారకుండా అందడం ఎప్పుడూ చూళ్లేదు. ఏం పంపావు?"

"ఉన్నది పంపా."

పానకాలు జేబులోంచి స్థలం కాగితం తీసి, బల్లమీద పరిచి, రద్దు అన్న చోట ఓంకారం బొటనవేలు పట్టుకుని అద్దించాడు. చేయి వదల్లేదు. "ఏం పోగొట్టుకున్నావో అర్థమవుతోందా నీకు? చెప్పరా. నీ నోటితో చెప్పు, నాగరత్నానికి రేపు నేనేం చెప్పాలో నాకు తెలియాలి."

"దానికి నేనే చెప్తాలే," అన్నాడు ఓంకారం. కాగితం తన వైపు తిప్పుకుని, మూల మీద గోటితో నొక్కాడు. అది కాగితమే. రెండు కొండీలు, వంకర తోక, చివర రెండు గీతలు పడ్డాయి. తర్వాత ఏడో తరగతి చదువుతో కూడబలుక్కుని, పైకి చదివాడు.

"వేటపాలెం రోడ్డు, సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై మూడు. తూర్పు వాకిలి. మూడు సెంట్లు."